సర్వే ఆఫీసుకు లెక్కల మిషను వచ్చినప్పుడు

గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన కొన్నేళ్లకు నేను కోలారు బంగారు గనుల సర్వే ఆఫీసులో లెక్కలు వేసే ఉద్యోగంలో చేరాను. భూమి లోపల ఏ సొరంగం ఎటు తవ్వాలో మా కాగితాల మీదే తేలేది. ఆ పనికి ఉన్నవి చేత్తో తిప్పే ఇనుప మిషను, సైను, కోసైను విలువలు అచ్చువేసిన లావుపాటి పట్టికల పుస్తకం. ముప్పై ఏళ్లుగా మా పెద్ద గుమాస్తాగారు వాటితోనే నెట్టుకొస్తున్నారు.

ఒక ఉదయం బెంగళూరు నుంచి చెక్కపెట్టెలో ఎలక్ట్రానిక్ లెక్కల మిషను దిగింది. టైపు మిషనంత ఉంది. స్విచ్చి వేయగానే గాజుబుడ్లలో నారింజరంగు అంకెలు వెలిగాయి. పెద్ద గుణకారం ఒకటి నొక్కాను. చప్పుడు లేకుండా జవాబు వచ్చేసింది.

పెద్ద గుమాస్తాగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "దీనికి సైను, కోసైను వస్తాయేమ్మా?"

"రావు సార్. కూడేది, తీసేది, గుణించేది, భాగించేది, అంతే."

"అట్లయితే నా పుస్తకానికి ఇంగా పని ఉండాది!" అని పకపకా నవ్వారు.

అప్పుడు రెండు వైపుల నుంచి ఒక సొరంగం తవ్వుకొస్తున్నారు. ఒక వైపు డ్రిల్లు పట్టింది మా నాన్నే. రెండూ ఎదురెదురుగా కలవాలి. పెద్ద గుమాస్తాగారు పట్టికలు చూసి చదువుతుంటే నేను నొక్కాను. ఆయన అంతకుముందు చేత్తో వేసిన లెక్కతో పోలిస్తే తేడా వచ్చింది. నేనే ఏదో తప్పు నొక్కాననుకున్నాను. మళ్లీ మొదటి నుంచీ చేశాం. అదే తేడా.

ఆయన పాత కాగితాలన్నీ తిరగేసి, ఒకచోట ఆగారు. "తప్పు నాదేనమ్మా. నేను రాసిన మూడును నేనే ఎనిమిది అనుకున్నాను." ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, సరిచేసిన కాగితం పట్టుకుని తానే సర్వేయరు దగ్గరికి నడిచారు. తవ్వే దిక్కు కాస్త మార్చారు.

మూడో వారంలో నాన్న ఒళ్లంతా దుమ్ముతో ఇంటికొచ్చి, గడపలోంచే కేక వేశాడు. "కలిసిపోయిందమ్మా! రంధ్రంలోంచి చెయ్యి పెడితే అవతలి వాడు పట్టుకున్నాడు. నేను వదల్లేదు, వాడూ వదల్లేదు!"

అమ్మ, నేను ఎగిరి గంతేశాం.

మరునాడు నాన్న మిషను చూడాలని ఆఫీసుకు వచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు. పెద్ద గుమాస్తాగారు లేచి, "రాప్పా, కూర్చో" అని తన కుర్చీ నాన్నకు జరిపారు.