తేలని దేశానికి జెండా

అంతర్జాతీయ సదస్సులు జరిగే ఆ భవనంలో, మెట్ల కింది గదిలో పదహారేళ్లుగా ఒకామె జెండాలు కుడుతోంది. అందరూ జెండాలక్క అంటారు. ఏ దేశానికి ఎన్ని చారలో, ఏ నక్షత్రానికి ఎన్ని కొమ్ములో ఆమెకు నోటికొచ్చు. ఆ దేశాలు ఎక్కడున్నాయో మాత్రం తెలియదు. తెలిసినవాళ్లంతా పై అంతస్తులో ఉంటారు. వాళ్లకు జెండా తలకిందులుగా కట్టినా తెలియదు.

ఆమె కూతురు డిగ్రీలో అంతర్జాతీయ సంబంధాలు చదువుతోంది. కాలేజీ అయ్యాక వచ్చి గుడ్డల మూట మీద కూర్చుని బట్టీ పట్టేది.

"రాజ్యానికి నాలుగు ఉండాలమ్మా. జనం, నేల, ప్రభుత్వం, బయటివాళ్లతో వ్యవహారం నడిపే శక్తి. మిగతా దేశాలు గుర్తిస్తేనే దేశమవుతుందా, గుర్తించకపోయినా అవుతుందా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు."

"వాళ్లకు వేరే పనేం లేదా?" అంది అక్క దారం కొరుకుతూ.

ఆ గొడవ ఆ వారమే ఆమె మిషను మీదికొచ్చి పడింది. ఎక్కడో ఒక రాష్ట్రం విడిపోయి, నేనే దేశాన్నని ప్రకటించుకుని, సదస్సుకు ప్రతినిధిని పంపింది. ప్రోటోకాల్ ఆఫీసరు చెమటలు కక్కుకుంటూ మెట్లు దిగొచ్చాడు.

"అర్జెంటక్కా. ఊదారంగు మీద తెల్ల కొంగ."

సోమవారం కుట్టింది. మంగళవారం, అది విడిపోయొచ్చిన పాత దేశపు రాయబారి, జెండా కనబడితే సదస్సులోంచి లేచి వెళ్లిపోతానన్నాడు. "విప్పెయ్యక్కా, అది దేశం కాదట." బుధవారం ఓ పెద్ద దేశం గుర్తించింది. ఆ నేలలో ఏదో ఖనిజం ఉందట. "కుట్టెయ్యక్కా, దేశమేనట." గురువారం ఇంకో పెద్ద దేశం, మొదటిది గుర్తించింది కాబట్టే తాను గుర్తించనంది. "అక్కా, ఇంకొక్కసారి..."

అక్క కత్తెర బల్ల మీద పెట్టింది. "సార్, కొంగ రెక్క పీలికలవుతోంది. అది దేశమో కాదో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. అప్పుడు ముట్టుకుంటా."

"సంతకమా!" ఆఫీసరు రెండడుగులు వెనక్కేశాడు. కాగితం మూడంతస్తులు ఎక్కి దిగింది. ముద్రలన్నీ పడ్డాయి, సంతకం ఒక్కటీ లేదు.

శుక్రవారం పొద్దున ఆ ప్రతినిధే దారి కనుక్కుంటూ గదికొచ్చాడు. ముసలాయన, మొన్నటిదాకా బడిపంతులట. జెండా చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"కొంగ ఎటు చూడాలి పెద్దాయనా?"

"ఏమోనమ్మా. దేశం పుట్టి పదకొండు రోజులే. నేనూ జెండా చూడ్డం ఇదే మొదలు."

అక్కకు ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. ఇవ్వొద్దనే కాగితం కూడా లేదు కదా అనుకుని, ఇస్త్రీ చేసి మడిచి ఆయన చేతిలో పెట్టింది.

సదస్సు హాల్లో స్తంభం వెనక తనకిచ్చిన కుర్చీలో కూర్చుని ఆయన జెండాను బల్ల మీద పరిచాడు. పాత దేశపు రాయబారి కుర్చీ తన్నేసి వెళ్లిపోయాడు. భోజనాల వేళకు తిరిగొచ్చాడనుకోండి. అయినా భవనం పరువు పోయిందని విచారణ వేశారు. అంతమంది మేధావులున్న చోట దోషిగా దొరికింది జెండాలక్క ఒక్కతే.

"సస్పెండ్ చేసెయ్యండి," అన్నాడు డైరెక్టరు.

గుమాస్తా రిజిస్టర్లు తిరగేసి నీళ్లు నమిలాడు. "కుదరదండి. ఆవిడ పేరు ఎక్కడా లేదు."

"మరి పదహారేళ్లుగా ఎవరు కుడుతున్నారయ్యా?"

"ఆవిడేనండి. మనం గుర్తించలేదంతే."

బుర్రలు బద్దలు కొట్టుకుని ఉపాయం కనిపెట్టారు. పొద్దున పదకొండింటికి ఆమెకు పర్మనెంటు ఉద్యోగం ఇస్తూ ఒక ఉత్తర్వు, మధ్యాహ్నం రెండింటికి సస్పెండ్ చేస్తూ ఇంకొకటి. అక్క రెండూ కూతురి ముందు పడేసింది.

"ఏడవాలా, నవ్వాలా?"

"నవ్వమ్మా. సస్పెన్షన్ ఎప్పుడో ఎత్తేస్తారు. ఉద్యోగం మాత్రం అంత తేలిగ్గా పీకలేరు."

మూడు నెలలకు మరో సదస్సు వచ్చింది. బజార్లో కొన్న జెండాలు వానకు రంగు కారి, బద్ధశత్రువులైన దేశాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రాయబారులు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. ఆఫీసరు పరుగున అక్క ఇంటికెళ్లాడు.

"రేపట్నుంచి వచ్చెయ్యక్కా."

"రేపు కుదరదు, పనుంది. ఎల్లుండి వస్తా," అంది.

పనేమీ లేదు. మర్నాడు పట్టపగలు హాయిగా పడుకుని నిద్రపోయింది.