బకెట్‌లో ముంచిన సామాను

శనివారం ఉదయం ఆరున్నర. డాంగ్ అడవిలో జలపాతం చూడడానికి పోయిన నా కొడుకు శ్రీను రెండు రోజులైనా తిరిగి రాలేదు. వాన ఆగలేదు. వెతకడానికి పోయేందుకు, మేం బతుకుదెరువుకు వచ్చి ఉంటున్న డిండోలిలోని మా గదిలో సంచి సర్దుతున్నాం. నా వెంట వస్తానన్నది మా కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మేస్త్రి ఒక్కడే. ఆయనకు ఏ వస్తువు మీదా నమ్మకం లేదు. కొత్త బోల్టునైనా సుత్తితో రెండు దెబ్బలు కొట్టి చూశాకే బిగించేవాడు.

ఆ రోజు బకెట్ నిండా నీళ్లు పెట్టుకుని, నేనిచ్చిన ప్రతి వస్తువునూ అందులో ముంచాడు. టార్చి ఆరిపోయింది. అగ్గిపెట్టె నానిపోయింది.

"ఏంది మేస్త్రీ, ఉన్నయన్నీ ఖరాబ్ జేస్తున్నవ్!" అని నా భార్య రాజవ్వ అరిచింది.

"ఇంట్ల సచ్చిందంటే మంచిదే, వదినె. అడవిల సస్తే ఏం జేస్తం?" అంటూ కత్తి, ఈల, పాలిస్టర్ దారంతో పేనిన తాడు మాత్రం సంచిలో వేశాడు.

ఆఖరికి ఆమె శ్రీను చొక్కా ఇచ్చింది. నేను భయంగా బకెట్ వైపు చూశాను. ఆయన ముంచలేదు. దాన్ని మందపాటి ప్లాస్టిక్ కవరులో మూడు చుట్లు చుట్టాడు.

"ఇది తడవద్దు. పోరడు సలికి వణుకుతుంటడు."

ఆ రెండు రోజుల్లో నా కొడుకు బతికే ఉన్నట్టు మాట్లాడింది ఆయనొక్కడే.

శ్రీను ఆ చొక్కా తొడుక్కున్నది మరునాడు.