నిరాపద కుండూ పాత జూమ్ లెన్సు

కలకత్తా మైదానంలో నిరాపద కుండూ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ‘ఆ పాత లెన్సాయన’ అంటే మాత్రం అందరికీ తెలుసు.

ధర్మతల్లాలో యాకూబ్ చాచా పాత కెమెరాల కొట్లో, పగిలిన ఫ్లాషులూ పట్టీలు తెగిన కేసులూ పడేసిన బుట్టలోంచి ఏరుకున్నాడు దాన్ని. రీలు కెమెరాల కాలం నాటి జపాన్ సరుకు. చాచా దాన్ని వెలుగుకేసి పట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

“లోపల బూజు పట్టింది బాబూ. సూర్యుడికి ఎదురు పట్టావా, పాలు ఒలికినట్టు బొమ్మంతా తెల్లగా అయిపోతుంది. వీపు మీద ఎండ పెట్టుకుని తీసుకో, నీ మాట వింటుంది.”

నిరాపద దాని మాటే విన్నాడు. పొద్దున్న సియాల్దాలో ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాడు. మధ్యాహ్నం చిన్నచిన్న క్లబ్బుల ఫుట్‌బాల్ మ్యాచీలు. పడమటి గీత పక్కన, ఎండకి వీపు పెట్టి కూర్చునేవాడు. కెమెరా కిందికి వంచితే లెన్సు గొట్టం దానంతటదే జారిపోయేది. సైకిల్ ట్యూబు ముక్క కోసి బిగించాడు. మబ్బు పట్టిన రోజు బొమ్మలన్నీ మసక. తెల్ల జెర్సీల అంచులకి ఊదారంగు అంటుకునేది. కానీ ఎండ కాస్త నిలకడగా ఉన్న రోజున, గోల్‌కీపర్ గ్లవ్స్ కుట్లు కూడా కనిపించేంత తేటగా పడేది బొమ్మ. రంగులు మెత్తగా, కళ్ళకి చల్లగా ఉండేవి. గొట్టం మీద ఒకే రింగు: లాగితే దూరం దగ్గరయ్యేది, తిప్పితే ఫోకస్ కుదిరేది. నెయ్యి రాసినట్టు తిరిగేది. పరిగెత్తేవాడి వెంట నిరాపద వేళ్ళు వాటంతటవే పోయేవి.

పెద్ద పేపర్ల కుర్రాళ్ళు ఊరుకునేవారు కాదు.

“ఏం నిరాపద దాదా, ఇవాళ కూడా సొరకాయ తెచ్చావా?”

“నీకు ఫోకస్ దొరికేసరికి రిఫరీ ఇంటికెళ్ళి అన్నం తింటుంటాడు!”

నవ్వేసేవాడు. ఆ నవ్వుతో ఆ రోజు మాటలు అయిపోయేవి. తను ఉండే మెస్సులో గది తాళం తీసేదాకా మళ్ళీ నోరు విప్పే పని పడేది కాదు. అమ్మ పోయాక అతన్ని ‘తిన్నావా’ అని అడిగినవాళ్ళు లేరు.

అడిగినవాడు ఒకడున్నాడు. సనాతన్ హేమ్‌బ్రమ్. ఝార్‌గ్రామ్ నుంచి వచ్చిన సంతాల్ తెగ మనిషి, రెండో డివిజన్ క్లబ్బొకదానికి గోల్‌కీపర్. మ్యాచ్ అవగానే బురద కాళ్ళతో నేరుగా ఇటే వచ్చేవాడు.

“దాదా, నేను ఎగిరింది పడిందా?”

“పడింది. బంతే పడలేదు.”

“బంతి ఎందుకు? అది గోల్లోకి పోయిందిగా!” అని పగలబడి నవ్వి, తన ఉడికించిన గుడ్డులో సగం చేతిలో పెట్టేవాడు. “తిన్నావా అసలు?”

ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి స్నేహం ఆ సగం గుడ్డూ, ఆ నాలుగు మాటలే. సనాతన్ ఉండే గది ఎక్కడో నిరాపదకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

మోకాలు మొరాయించి సనాతన్ ఆట మానేసిన రోజున, నిరాపద కెమెరా సంచీలో పెట్టుకుంటుంటే వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

“దాదా, ఒక్కటి తియ్యి. ఎగిరేది కాదు, ఊరికే నా మొహం. ఇంటికి పంపాలి.”

మొహం ఆనేంత దగ్గరలో ఉంది. ఆ లెన్సుకి మనిషి కనీసం ఐదడుగుల అవతల ఉంటే తప్ప ఫోకస్ కుదరదు.

“కాస్త వెనక్కి వెళ్ళు,” అన్నాడు నిరాపద.

“ఇంతా?”

“ఇంకొంచెం.”

“ఇంకా వెళ్తే ఝార్‌గ్రామ్‌లో తేల్తాను దాదా!”

అతని వెనక సూర్యుడు దిగుతున్నాడు. చోటు మార్చుకుందామనేలోపు క్లబ్బు వ్యాను హారన్ కొట్టింది. నిరాపద నొక్కాడు. సనాతన్ చెయ్యి ఊపుతూ కుంటుకుంటూ పోయి ఎక్కేశాడు.

గదికి వచ్చి చూసుకుంటే బొమ్మంతా తెల్లటి పొగ. పొగలో ఒక నవ్వు, రెండు చెవులు. ఇన్నేళ్ళలో అతను నోరు తెరిచి అడిగిన ఒక్క ఫొటో అది. నిరాపదకి ఆ పూట అన్నం సయించలేదు.

తర్వాతి లీగు మొదలైంది. కొత్త గోల్‌కీపర్ ఎవరో వచ్చాడు. మ్యాచ్ అయ్యాక నిరాపద గడ్డి మీద కాసేపు ఊరికే కూర్చుని లేచి వెళ్ళేవాడు.

చలికాలంలో ఒక ఆదివారం సనాతన్ ఫొటోల ప్రింట్లు కవరులో వేసుకుని ఝార్‌గ్రామ్ రైలెక్కాడు. క్లబ్బులో ఊరి పేరు చెప్పారు. సాల్ చెట్ల దారిలో అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. గుమ్మం ముందు సనాతన్ భార్య లఖీమణి వడ్లు ఎండబోస్తోంది.

“ఆయన సూరత్‌లో ఉన్నారు, వాచ్‌మెన్ పని,” అంది. “మీరు… గుడ్డు దాదానా?”

నిరాపద తలూపాడు.

ఆమె మరమరాలు, పచ్చిమిరపకాయ తెచ్చిపెట్టి, ఫొటోలు ఒక్కొక్కటే చూసింది. గాల్లో తేలినవి, బురదలో దొర్లినవి పక్కన పెట్టింది. అడుగున ఉన్న తెల్ల పొగ బొమ్మ దగ్గర ఆగింది.

“అది పాడైపోయిందమ్మా. లెన్సు పాతది,” అన్నాడు.

“ఎక్కడో బంతికేసి చూసే మొహాలు నాకెందుకు దాదా? దీంట్లో మనకేసి చూస్తున్నారు,” అని దాన్ని చీర చెంగుతో తుడిచి, దేవుళ్ళ బొమ్మల పక్కన గోడకి ఆనించింది. తర్వాత ఫోన్ తీసింది. “అలా నిలబడండి, ఆయనకి పంపుతాను. మీరొచ్చారంటే నమ్మరు.”

నిరాపదకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచీ ముందుకి లాక్కున్నాడు, మళ్ళీ వెనక్కి తోశాడు. ఆమె నవ్వుతూ బాగా దగ్గరికి వచ్చి తీసింది.

కాసేపటికి సూరత్ నుంచి ఫోన్.

“దాదా! ఏంటలా చిక్కిపోయావు? తింటున్నావా?”

“తింటున్నా.”

“అబద్ధం! లఖీ, ఆయన్ని అన్నం తినకుండా పంపావంటే చూడు!”

నిరాపద ఏదో చెప్పబోయేలోగా అటునుంచి ఎవరో గేటు తియ్యమని కేక వేశారు. ఫోన్ తెగిపోయింది.

నిరాపద అన్నం తిన్నాడు. సాయంత్రం రైలులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి బెంచీ హౌరా దాకా ఖాళీగానే ఉంది.