కోచ్ లెక్కలో ఒకరు తక్కువ

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. సోఫా మీదైనా సరే, నేల మీదైనా సరే, కూర్చోవడం ముఖ్యం. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. మాటలో తప్పులుంటే దిద్దుకోండి గానీ జరిగినదానిలో మాత్రం తప్పుండదు. చూసింది చూసినట్టు గుర్తుంటుంది నాకు.

మా తమ్ముడిది అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో అపార్ట్‌మెంట్, మెట్లెక్కితే పై అంతస్తు. మా ఆయన పోయిన పన్నెండేళ్లకు నేను ఇక్కడికి చేరాను. తమ్ముడు, మరదలు ఉద్యోగాలకు పోతారు. వాళ్ల అమ్మాయికి పదేళ్లు. ఇల్లు మంచిది, మనుషులు ఇంకా మంచివాళ్లు. కానీ ఇక్కడ కాలు బయట పెట్టాలంటే కారు కావాలి. నాకు డ్రైవింగ్ రాదు. గేటు దాటితే ఆరు వరసల రోడ్డు, పక్కన నడిచే దారి లేదు. అవతల ఇండియన్ గ్రోసరీ బోర్డు మా కిటికీలోంచి కనిపించేది. కొత్తిమీర కట్ట కోసం ఆ బోర్డు చూస్తూ శనివారం దాకా కూర్చునేదాన్ని.

ఇది కాక నాకు ఇంకో చెర ఉండేది. దాన్ని నేనే కట్టుకున్నాను. భర్త పోయిన ఆడది బయల్దేరేవాళ్లకు ఎదురు రాకూడదని మా అత్తగారింట్లో నేర్పారు. అక్కడ వంటింటికి తలుపుండేది, దాని చాటున నిలబడేదాన్ని. ఇక్కడ వంటింటికి తలుపేది? గోడే లేదు. తలుపున్నది ఒక్క ప్యాంట్రీకే. బియ్యం బస్తాలు, పప్పు డబ్బాలు పెట్టుకునే అగ్గిపెట్టంత గది అది. పొద్దున్న తమ్ముడు షూ వేసుకుంటున్న చప్పుడు వినగానే అందులోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. కింద కారు స్టార్టయ్యాకే బయటికి వచ్చేదాన్ని. నన్నెవరూ అలా చేయమనలేదు. నేను స్నానాల గదిలో ఉన్నాననుకునేవారు. మూడేళ్లు అలాగే గడిచాయి, కందిపప్పు వాసనలో.

నాకు దొరికిన గాలల్లా అపార్ట్‌మెంట్ల వెనక ఫుట్‌బాల్ గ్రౌండే. మేనకోడలు వారానికి మూడు సాయంత్రాలు ప్రాక్టీసుకు పోయేది. నేను మడత కుర్చీ పట్టుకుని వెంట వెళ్లేదాన్ని. ఆ పిల్లల కోచ్ రష్యా ఆయన. మా కింది వాటాలోనే ఒంటరిగా ఉండేవాడు. యాభై ఏళ్లుంటాయి. బొంగురు గొంతు, కుంటి కాలు. ఆట మొదలుపెట్టే ముందు, ముగిశాక, వేలు చూపించి పిల్లల్ని లెక్కపెట్టేవాడు. లెక్క తేలకపోతే విజిల్ ఊదేవాడు కాదు. షూ లేసు కట్టుకుంటున్న పిల్ల వచ్చి వరసలో నిలబడేదాకా ఎదురుచూసేవాడు.

మోకాలు నొప్పెడితే వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చునేవాడు. ఆయనకు వచ్చింది సగం ఇంగ్లీషు, నాకు వచ్చింది అందులో సగం. మిగతాది మేనకోడలు కలిపేది. ఏడేళ్లప్పుడే ఇల్లు వదిలి ఆటల బడి హాస్టల్లో చేరాడట. పొద్దున్నే పిల్లలంతా మైదానం మీద మంచు ఊడ్చి, ఆ తర్వాత ఆడేవారట. పెద్దయ్యాక ఒక చిన్న ఊరి టీములో మిడ్‌ఫీల్డర్ అయ్యాడు. అంటే ఏమిటని అడిగాను.

"నడుమ ఉండేవాడు," అని చెప్పించాడు. "గోల్ కొట్టినవాడికి పేరొస్తుంది. గోల్ ఆపినవాడికి పేరొస్తుంది. నేను అటునుంచి ఇటు బంతి మోసేవాణ్ని."

నాకు చప్పున అర్థమైంది. పెళ్లిళ్లలో వంట బాగుంటే వంటవాణ్ని మెచ్చుకుంటారు, కొసరి వేస్తే వడ్డించేవాణ్ని మెచ్చుకుంటారు. గాడిపొయ్యి దగ్గర్నుంచి పంక్తి దాకా గుండిగలు మోసినవాడి ముఖం ఎవరికీ గుర్తుండదు. ఆ మాటే చెప్పించాను. ఆయన పడీ పడీ నవ్వి, ఆ రోజునుంచి నన్ను కూడా మిడ్‌ఫీల్డర్ అనేవాడు.

మోకాలు పోయాక కోచ్ అయ్యాడు. అక్కడ కుర్రాళ్ల టీముకు నేర్పాడు. తర్వాత ఒక క్లబ్బు వీసా ఇప్పిస్తే ఇక్కడికొచ్చాడు. ఆ వీసాతో ఆ క్లబ్బులో తప్ప ఇంకెక్కడా పనిచేయకూడదు. వాళ్లు ఆయన చేత గ్రౌండు గీతలకు సున్నం వేయించేవారు, వ్యాను నడిపించేవారు, మిగిలిన టైములో కోచింగు. అంత ఆట తెలిసిన మనిషి అలా ఉండిపోయాడు. ఆ ఏడాది పక్క రాష్ట్రంలో ఒక కాలేజీ టీము వాళ్లు తమకు కోచ్‌గా రమ్మన్నారు. గ్రీన్ కార్డు చేతికొస్తేనే వెళ్లగలడు. వేసవి దాటితే వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. ఆ కార్డుకు ఇంటర్వ్యూ పిలుపొచ్చేసరికి ఆయనకు మోకాలి ఆపరేషను అయ్యి కారు నడపలేని స్థితి.

తమ్ముడు ఉండబట్టలేకపోయాడు. "అక్కా, గ్రీన్ కార్డు కోసం ఆయనదీ మనదీ ఒకటే లైను. నేను ఆఫీస్‌కి లేట్ అవుతానని మెయిల్ పెట్టి డ్రాప్ చేస్తాను," అన్నాడు.

ఆ పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు పట్టుకుని, కర్ర సాయంతో మెట్లెక్కి వచ్చాడు. నేను అలవాటుగా ప్యాంట్రీలోకి తప్పుకున్నాను. లోపల నిలబడి వింటున్నాను. సోఫా కిర్రుమంది. తర్వాత ఎవరూ కదలడం లేదు.

"నాన్నా, అందరూ కూర్చోవాలంట," అంది మేనకోడలు. "వాళ్ల కంట్రీలో జర్నీకి ముందు ఇంట్లో ఉన్నవాళ్లంతా వన్ మినిట్ కూర్చుంటారంట. అప్పుడే లక్."

"కూర్చున్నాంగా. ఇక లేవమను, హైవే జామ్ అవుతుంది," అన్నాడు తమ్ముడు.

"వాడు లేవట్లేదు. ఒకరు తక్కువ అంటున్నాడు."

"వాడు కాదే, ఆయన!" మరదలు కసిరింది. "ఎవరు తక్కువ?"

"అత్త. అత్త ప్యాంట్రీలో ఉంది. రోజూ మీరు వెళ్లేటప్పుడు అక్కడే దాక్కుంటుంది."

బియ్యం బస్తా మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాను. తలుపు తెరిచింది తమ్ముడే. వాడి ముఖం చూడలేకపోయాను.

"ఏంటక్కా ఇది? మూడేళ్లనుంచా?"

"అదేం లేదురా. శుభమా అని పోతున్నాడు. నేనెందుకు ఎదురు రావడం?"

"వదినా, మీరొచ్చి కూర్చుంటారా, నేనే వచ్చి ఆ తలుపు ఊడబీకనా?" అంది మరదలు. "అపార్ట్‌మెంట్ వాళ్లు ఫైన్ వేస్తే వెయ్యనీ."

వచ్చి కూర్చున్నాను, సోఫా అంచున. ఆయన పద్ధతిలోనే ఒక నిమిషం కూర్చున్నాం. ఫ్రిజ్ హోరు ఒక్కటే. పన్నెండేళ్లూ ఆపైన మూడేళ్లూ, పోయేవాళ్ల ముఖం చూసి ఎరగను. ఆయన లేచి, వేలితో మా నలుగుర్నీ లెక్కపెట్టి, తల ఊపి వెళ్లాడు.

సాయంత్రం కబురు తెలిసింది. ఏదో కాగితం తక్కువైందట, మళ్లీ రమ్మన్నారట. నేను ఎదురు పడినందుకే అనుకున్నాను. మర్నాటినుంచి మళ్లీ ప్యాంట్రీలోకే పోయాను. తమ్ముడు బతిమాలాడు, కోప్పడ్డాడు. నేను వినలేదు.

రెండోసారి వెళ్లే రోజు వేసవి చివరి వారంలో వచ్చింది. సోఫా కిర్రుమంది. నేను లోపలే ఉన్నాను. కర్ర చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"పోయినసారి నన్ను చూసే వెళ్లారు, ఏమైందో చూశారుగా. ఆయన్ని వెళ్లమను తల్లీ," అన్నాను లోపల్నుంచి.

మేనకోడలు అటు చెప్పి, ఇటు చెప్పింది. "అత్తా, వాడు... సారీ, ఆయన చెప్తున్నాడు. నేను ఆడిన మ్యాచ్‌లు సగం ఓడిపోయాను, చూడ్డానికొచ్చినవాళ్ల వల్ల ఒక్కటి కూడా ఓడలేదు అని. ఆ రోజు పేపర్ తక్కువైంది, మనిషి తక్కువ కాలేదు అని. నువ్వు రాకపోతే వెళ్లడంట."

బయట తమ్ముడు కారు తాళాలు గలగలలాడిస్తున్నాడు. ఆలస్యమైతే ఆ పిలుపు పోతుంది, పిలుపు పోతే కాలేజీ పోతుంది. అప్పుడు నిజంగానే నా వల్ల పోయినట్టు అవుతుంది. తలుపు తీశాను. వచ్చి సోఫా మీద వెనక్కి ఆనుకుని, నిండుగా కూర్చున్నాను.

పది రోజులకు ఆయన కార్డు వచ్చింది. కాలేజీ వాళ్లు ఇంకా ఆగే ఉన్నారు.

ఆయన ఇల్లు ఖాళీ చేసిన రోజు అందరం ఆయన అట్టపెట్టెల మీద కూర్చున్నాం. తర్వాత ఆయన కారెక్కాక, పులిహోర డబ్బా పట్టుకుని కావాలనే కారుకు ఎదురుగా నడిచి వెళ్లాను. వేలితో నన్ను లెక్కపెట్టి హారన్ కొట్టాడు.

నాకిప్పటికీ డ్రైవింగ్ రాదు. ఆరు వరసల రోడ్డు అలాగే ఉంది, కొత్తిమీరకు శనివారం దాకా ఆగాల్సిందే. ప్యాంట్రీలోకి మాత్రం బియ్యానికే వెళ్తున్నాను. పొద్దున్న తమ్ముడు షూ వేసుకుని ఒక్క నిమిషం కూర్చుంటాడు, నేనొచ్చి కూర్చునేదాకా.

విన్నారుగా, చల్లగా ఉండండి. మీ ఇంట్లోంచి ఎవరు ఏ పనికి బయల్దేరినా లెక్క నిండుగా ఉండాలి. మీ తలుపుల చాటున ఏ మనిషీ నిలబడే రోజు రాకూడదు.