గోరంత నల్లకాగితం

పోయిన వారం ఆళ్లగడ్డలోని మా ఇంటికి సున్నం వేయించడానికని ముందుగదిలోని పటాలు దించుతుంటే, మా పిల్లలిద్దరి నీడబొమ్మలున్న పాత పటం వెనక అట్ట ఊడి నా చేతిలోకి వచ్చింది. ఆ అట్ట లోపలివైపు, ఎండిన మెతుకుతో అంటించిన నల్లకాగితం ముక్క ఒకటి కనపడింది, తీసి పారేసిన గోరంత ఉంటుంది. అప్పటినుంచి నా మనసు కుదురుగా లేదు.

డెబ్బైల చివర నేను ఇక్కడి బడిలో పంతులుని. నంద్యాలలో ఒక పెద్దమనిషి ఇంట్లో గోడమీద ఆ ఇంటి పిల్లల నీడబొమ్మలు చూసి, అటువంటివి మా ఇంట్లోనూ ఉండాలని ముచ్చటపడ్డాను. స్టూడియోలో ఫోటో తీయించి పెద్దది చేయించే స్తోమత ఆ రోజుల్లో మనలో ఎంతమందికి ఉండేది? ఎక్స్‌రేలు తీసే మిత్రుడొకడు ఫిల్ములకు చుట్టి వచ్చే నల్లకాగితం ఇచ్చాడు. పక్కింటి టైలర్ సాయిబు బతిమాలించుకొని చిన్న కత్తెర ఇచ్చాడు. తూర్పు వాకిట్లోంచి పొద్దుటి ఎండ ఎదుటి గోడమీద పడే వేళకు, గోడకు తెల్లకాగితం అంటించి, పిల్లను పక్కకు తిప్పి కూర్చోబెట్టి, నీడ చుట్టూ పెన్సిలు నడిపి, ఆ గీత ప్రకారం నల్లకాగితం కత్తిరిస్తే చాలు, మనిషి అచ్చంగా దిగిపోతుంది.

కొడుకు బొమ్మ సులువుగా వచ్చింది. ఎనిమిదేళ్ల కూతురిది నా పోలిక, ముందుపళ్లు ఎత్తు. నేను మీసం కింద దాచుకొంటున్నవే అవి. నీడలో కళ్లుండవు, నవ్వుండదు, అంచు ఒక్కటే ఉంటుంది. కత్తిరించి చూస్తే ఆ అంచులో పళ్లు మరీ కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. మళ్లీ కత్తెర తీసుకొని ఆ కాస్త ముక్కా తీసేశాను. ప్రేమతోనే తీశానని చాలా ఏళ్లు అనుకొన్నాను.

పటం గోడకెక్కిన రోజు అమ్మాయి దాని కింద నిలబడి చాలాసేపు చూసింది.

"నాయనా, ఈ పాప ఎవురు?"

"నువ్వే కదమ్మా."

"నేను కాదు. నా పండ్లు యాడ పోయినాయి?"

"నాయన కత్తెరతో కోసేసినాడు పో. మన ఇంటికి మంచి పాప కావల్లంట!" అన్నాడు వాళ్లన్న. అందరం నవ్వాము, నేనూ నవ్వాను.

మరునాడు బడినుంచి వచ్చేసరికి, ఊడ్చిన చెత్తలోంచి ఏరుకొందేమో, ఆ ముక్క పటం అద్దం మీద, సరిగ్గా నోటి దగ్గర, అన్నం మెతుకుతో అంటించి ఉంది. ఆ సాయంత్రం మా హెడ్మాస్టరు ఇంటికి వస్తానన్నారు. "ఇంత బాగా చేసిపెడితే గబ్బు చేస్తాండావేందీ?" అని గదిమి, దాన్ని గోటితో గీకి వీధి కాలవలో పారేశాను. పిల్ల ఏడవలేదు.

ఆ తరువాత తను ఎప్పుడు నవ్వినా అరచెయ్యి నోటికి అడ్డం వచ్చేది. పెద్దదవుతోంది, బిడియం నేర్చుకొంటోందని నేను లోలోపల సంతోషించాను. ఆ సంతోషం తలచుకొంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మరి అట్ట లోపల ఉన్న ముక్క ఏది? నేను పారేసినదాన్నే వెదికి తెచ్చుకొందా? లేక వాళ్లమ్మ తెచ్చి దాచిందా? ఆ అట్టకు మేకులు కొట్టింది నేనే, ఎప్పుడు ఎవరు విప్పారు? అసలు నిజంగా పారేశానా, పారేశానని అనుకొంటున్నానా? ఏదీ తేలడం లేదు. మా ఆవిడను అడిగితే, "ఇన్నేండ్లకా అడిగేది?" అని మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకొంటూ కూర్చుంది. అది అవునో కాదో నాకు అర్థం కాలేదు.

చివరికి నంద్యాలలో ఉన్న అమ్మాయికే ఫోన్ చేశాను. "ఏ ముక్క నాయనా? నాకు గుర్తే ల్యా" అని గట్టిగా నవ్వింది. గుర్తులేక నవ్విందో, ఉండే నవ్విందో.

ఇప్పుడు అమ్మాయి కూతురికి, నా మనవరాలికి, పళ్లు సర్దుకోవడానికి తీగ కట్టించారు. ఆ పిల్ల ఫోన్లో తీసే ఫోటోల్లో ముఖాలు వాటంతటవే నునుపు తేలుతాయి, ఎవరూ కత్తెర పట్టనక్కరలేదు, తరువాత ఇలా కూర్చొని కుమలనూ అక్కరలేదు. ముఖం చూస్తూ మాట్లాడే వీలు కూడా ఈ ఫోన్లోనే ఉంది, నొక్కడం నాకు వచ్చు. ఫోను ఇంకా పెట్టేయలేదు, అవతల నా కూతురు నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుకు చెయ్యి అడ్డం ఉందో లేదో చూద్దామని వేలు బొత్తం దాకా వెళ్లింది, నొక్కలేకపోయాను.