ఉత్త ఫ్లాషు

"అమ్మా, కదలొద్దు!" మా చిన్నకూతురి పెండ్లికి ఫోటోలు తీసినాయన అంటే నాకు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తాది. పేరు అడగలేదు. అవి రీలు కెమెరాల కాలం. అనంతపురంలో నూనె మిల్లుల నడుమ మంటపం. లోపల మల్లెపూల కన్నా నూనె పిండినాక మిగిలే శెనక్కాయ చెక్క వాసనే ఎక్కువ.

పిల్లోళ్లు మీద పడి ఫోటో అడిగితే, ఆయన రీలు ఖర్చు కాకుండా ఉత్త ఫ్లాషు కొట్టి పంపించేవాడు. నేను కనిపెట్టినా. నిజంగా తీస్తే, తీసినాక రీలు ముందుకు జరిపేదానికి బొటనవేలితో కెమెరా మీది మీట తిప్పుతాడు, కర్రుమంటాది. ఉత్తదైతే తిప్పడు. దుబారా లేని మనిషని నాకు నచ్చినాడు.

భోజనాలైనాక మా ఆయన నా పక్కకొచ్చినాడు.

"ఏమే, మనిద్దరిదీ ఒకటి తీయించుకుందాం. ఇన్నేండ్లలో ఒక్కటన్నా లేదు."

"ఈ వయసులో ఎందుకు? వియ్యపురాలు నవ్వుతాది. రీలు దండగ."

ఆయన కండువా సర్దుకుని పోబోయినాడు. ఆ ముఖం ఫోటోలాయన చూసినట్టుండాడు. నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు:

"ఉత్త ఫ్లాషేలేమ్మా. పెద్దాయన సంతోషానికి నిలబడు."

అట్లయితే సరేనని నిలబడినా. మా ఆయన నా కొంగు తగిలేంత దగ్గరికి జరిగినాడు.

"అమ్మా, కదలొద్దు!"

ఫ్లాషు వెలిగింది. మా ఆయన నవ్వుకుంటా పోయినాడు. నేనూ తిరిగినా. వెనకాల కర్రుమని మీట తిరిగింది.

ఇంకొకరైతే ఆడనే కడిగిపెట్టేదాన్ని. ఆ ఫోటోలాయన కాబట్టి, వినబడనట్టే తాంబూలాలు పంచేదానికి పోయినా.