సోమవారం కాటా

ఆటోనగర్‌లోని మా బోల్టుల ఫ్యాక్టరీకి క్వాలిటీ పాఠాలు చెప్పడానికి వచ్చే మాస్టారి బొజ్జ ముందు గుమ్మం దాటేది. ఆయన అర నిమిషం తర్వాత దాటేవారు. ప్రతి సోమవారం పెట్టెలు తూచే కాటా ఎక్కి, "డెబ్బయ్యెనిమిది కిలోలు! ఏళ్లతరబడి ఇదే లెక్క. తేడా వస్తే తప్పు కాటాది!" అని బ్యారేజీ దాకా వినపడేలా చెప్పేవారు. ఆ బరువును మేం పాఠంలో భాగంగా వారానికో చుక్కగా చార్టులో పెట్టేవాళ్లం.

"ఒక్క చుక్క దిగితే కంగారు పడకండర్రా. వరసగా ఏడు దిగితే మిషన్ ఆపి చూడండి," అనేవారు.

ఆ వేసవిలో ఏడూ దిగాయి. పాఠం వంటబట్టిందని మురిసిపోయి మెకానిక్‌ను పిలిచాం. అతను తూకపు రాళ్లు పెట్టి చూశాడు.

"కాటా బంగారంలా ఉందండీ. ఆ పెద్దాయన్నే ఎవరికైనా చూపించండి."

అప్పుడు చార్టు మీంచి కళ్లెత్తి ఆయన్ని చూశాం. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"నాకూ అనుమానం వచ్చిందర్రా," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "కాటాదే తప్పయితే బాగుండుననుకున్నాను."

రెండు నెలల ముందే తీసుకురావాల్సిందన్నాడు డాక్టరు. ఆయన దసరా చూడలేదు. ఆ రెండు నెలలూ వారం వారం ఆయన్ని తూచింది మేమే.